పాప ఒకటో తరగతి ఏడాది వెనక్కి జరిగింది, మా లెక్క ఏమవుతుంది?

ప్రశ్న: మా పాప 2021 జనవరిలో పుట్టింది. వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో వేద్దామనుకుంటే, ఆరేళ్లు నిండాల్సిందేనని మా సీబీఎస్‌ఈ స్కూలువాళ్లు ఇంకో ఏడాది ప్రీ-ప్రైమరీలోనే ఉంచమంటున్నారు. ఫీజు 48 వేలు. 10+2 పోయి 5+3+3+4 వచ్చిందని, డిగ్రీ కూడా నాలుగేళ్లని అంటున్నారు. మావారికి 43 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం, 58కి రిటైర్మెంట్. పాప పేర 2023లో తెరిచిన సుకన్య ఖాతా, 2038 జూన్‌లో చేతికొచ్చే ఎండోమెంట్ పాలసీ ఉన్నాయి. మా లెక్కలన్నీ తారుమారైనట్టేనా?

జవాబు: మీరు పంపిన లెక్కల పుస్తకం పేజీ ఫొటో చూశాను. 2041 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ‘చదువు పూర్తి’ అని రాసుకున్నారు. దాని పక్కనే మీవారి రిటైర్మెంట్. రెండూ ఒకే ఏడాది పడేట్టు ముచ్చటగా కుదుర్చుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది, 48 వేల దగ్గర కాదు.

ముందు ఆ 5+3+3+4 సంగతి. 2020 జూలైలో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన జాతీయ విద్యా విధానంలో మొదటి ఐదేళ్లు పునాది దశ. అంటే మూడేళ్ల వయసు నుంచి ఆరు నిండేదాకా బడికి ముందు మూడేళ్లు, ఆపైన 1, 2 తరగతులు. తర్వాత 3 నుంచి 5, 6 నుంచి 8, చివరగా 9 నుంచి 12. తరగతులు పన్నెండే, ఒక్కటీ పెరగలేదు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ మనకు ఎప్పటినుంచో ఉన్నవే. ఐదేళ్లు రాగానే ఒకటో తరగతిలో కూర్చోబెట్టే ఇళ్లకే ఒక ఏడాది అదనం. విద్య కేంద్రం, రాష్ట్రాలు రెండింటి చేతిలోనూ ఉన్న ఉమ్మడి జాబితాలోది కాబట్టి రాష్ట్రాలూ బోర్డులూ అన్నీ ఒక్కసారిగా మారవు. మీ స్కూలు ఏ ఆదేశం ప్రకారం అడుగుతోందో కాగితం మీద రాయించి తీసుకోండి. ఆ 48 వేలు ఈ ఏడాది బోనస్‌లోంచి కట్టేయండి, అప్పు చేయకండి. పాత పన్ను విధానంలోనే ఉంటే అందులో ట్యూషన్ ఫీజు వరకు 1.5 లక్షల మినహాయింపులో చూపించుకోవచ్చు. డొనేషన్, బస్సు ఫీజు చెల్లవు.

ఇక అసలు విషయం. పాత లెక్కన పాప 2038లో పన్నెండు ముగించి, మూడేళ్ల డిగ్రీతో 2041లో బయటపడేది. ఇప్పుడు పన్నెండు ముగిసేది 2039లో. నాలుగేళ్ల ఆనర్స్ చదివితే 2043. కింద ఒక ఏడాది, పైన ఒక ఏడాది కలిసి మీవారి జీతం ఆగిపోయిన తర్వాత రెండేళ్ల ఫీజుగా మిగిలాయి. మూడేళ్లకే పట్టా తీసుకుని ఆపేసే వీలు కొత్త విధానంలోనూ ఉంది. నాలుగేళ్లూ చదివితే పీజీ ఒక్క ఏడాదిలో అయిపోతుంది కాబట్టి పీజీ దాకా చదివేవాళ్లకు మొత్తం అవే ఐదేళ్లు. ఇంజనీరింగ్ అయితే ఎప్పుడూ నాలుగేళ్లే, మీ పాత లెక్కలో అది అసలు లేనేలేదు. పాపకు ఐదేళ్లప్పుడే అవన్నీ తేల్చలేం. 2043 అనే రాసుకోండి, ముందే అయిపోతే మంచిదే.

హాస్టల్‌తో కలిపి డిగ్రీ ఏడాదికి ఇప్పటి ధరల్లో లక్షన్నర అని మీరే రాశారు. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే 2041లో అది 4.75 లక్షలు, ఆ మరుసటేడు 5.15 లక్షలు. రెండేళ్లకూ దగ్గర దగ్గర పది లక్షలు. పదిహేనేళ్ల పాటు నెలకు 2,400 చొప్పున ఈక్విటీ ఫండ్‌లో (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలవారీ వాయిదా, వేస్తే, సగటున 10 శాతం రాబడి వస్తే, ఆ మొత్తం పోగవుతుంది. రాబడికి హామీ లేదు కాబట్టి చివరి మూడేళ్లలో కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోండి.

సుకన్య ఖాతా మాత్రం కొత్త లెక్కకు భలే కుదిరింది. పాపకు 2039 జనవరిలో 18 నిండుతాయి, ఏప్రిల్‌కల్లా పన్నెండు అయిపోతుంది. అప్పుడు అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివరనున్న నిల్వలో సగం దాకా చదువు కోసం తీసుకోవచ్చు. అదీ ఒక్కసారే తీయనక్కర్లేదు, అడ్మిషన్, ఫీజు కాగితాలు చూపించి ఏడాదికోసారి చొప్పున ఐదేళ్ల దాకా తీసుకునే వీలుంది. మిగతాది 2044లో చేతికొస్తుంది, పీజీకో పెళ్లికో మీ ఇష్టం.

పాలసీ సొమ్ము అవసరానికి ఏడాది ముందే వస్తోంది. ఖాతాలో ఊరికే కూర్చున్న డబ్బుకు ఇంట్లో వెంటనే పని పుడుతుంది: కారు, ఇంటి రిపేరు, ఎవరికో చేబదులు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఇది తరచూ చూస్తుంటాను. వచ్చిన వారంలోనే ఏడాది డిపాజిట్‌లో వేసేయండి.

కాగితం మీద 9 నుంచి 12 దాకా ఒకే దశ. మన దగ్గర మాత్రం పది కాగానే ఇంకో కాలేజీ, ఇంకో హాస్టల్, ఎంట్రన్స్ కోచింగ్. మీ పేజీలో 2037, 38 సంవత్సరాలకు స్కూలు ఫీజే పొడిగించి రాశారు. ఆ రెండు గళ్లూ కొట్టేసి, మీ ఊళ్లో ఇప్పుడు ఇంటర్ చదివిస్తున్న ఎవరినైనా అడిగి అసలు అంకె వేయండి.

ఇంకొకటి మీరు అడగలేదు. మీవారి టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే బీమా, కూడా 58 ఏళ్లకే ముగుస్తోంది. అది పెట్టినప్పుడు 2041 చూసుకునే పెట్టి ఉంటారు. పాతది అలాగే కడుతూ, 2044 దాకా ఉండేలా చిన్న మొత్తానికి ఇంకోటి తీసుకోండి. 44 నిండకముందే తీసుకుంటే ప్రీమియం కాస్త తగ్గుతుంది.