అమ్మలుకు, బీకన్ల బ్యాటరీ గురించి మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత చెప్పే బ్లూటూత్ బీకన్లు, అంటే అంకెలను గాలిలోకి ప్రసారం చేసే చిన్న పరికరాలు, తయారు చేయిస్తున్నావనీ, టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్య మొదటి విడతగా రెండు వందలు పెట్టబోతున్నావనీ చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఎంత గర్వంగా ఉందో అంత గుబులుగానూ ఉంది. ఒక్కో బీకన్ తన బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా తానే ప్రసారం చేస్తుందని చెప్పావట. ఆ ఒక్క అంకె గురించే ఈ ఉత్తరమంతా రాస్తున్నాను. మిగతా పనులు నాకంటే నీకే బాగా వచ్చు.

కొలవడం తేలికే. నువ్వు ఎంచుకున్న ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్ తనకు అందే వోల్టేజీని లోపలి నుంచే కొలుచుకుంటుంది, పోల్చుకోవడానికి 0.6 వోల్టుల రిఫరెన్సు, వచ్చే వోల్టేజీని ఆరో వంతుకు తగ్గించే గెయిన్ పెడితే పరిధి 3.6 వోల్టులు అవుతుంది, 12 బిట్లలో ఒక్కో మెట్టు మిల్లీవోల్టు కూడా ఉండదు. అందుకని బయట రెసిస్టర్లతో, వోల్టేజీని పంచే డివైడర్ కట్టవద్దు. పది కిలో ఓములవి రెండు కడితే 150 మైక్రో ఆంపియర్లు రాత్రింబవళ్ళు కారిపోతూనే ఉంటాయి. సీఆర్2032 అనే నాణెం లాంటి కాయిన్ సెల్‌లో ఉండే 220 మిల్లీ ఆంపియర్ అవర్లు ఒక్క సందేశమైనా పంపకుండానే రెండు నెలల్లో అయిపోతాయి. గంటకు ఒకసారి కొలిస్తే చాలు.

ఎప్పుడు కొలవాలన్నదే అసలు విషయం. అది నేను తెలుసుకున్న తీరు మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2014లో ఒక మందుల గోదాములో, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండే చల్లగదికి, అరవై బీకన్లు చేసి ఇచ్చాను. బ్యాటరీ లెక్క నేనే రాశాను: మూడు వోల్టులుంటే నూరు శాతం, రెండు వోల్టులుంటే సున్నా, మధ్యలో సరళరేఖ. చిప్ నిద్ర లేవగానే, రేడియోను ముట్టుకోకముందే కొలిచేది. అప్పుడైతే కొలత స్థిరంగా వస్తుందని ఆ క్షణాన్ని ఎంచుకున్నాను. నెలల తరబడి అన్నీ తొంభై శాతం దరిదాపుల్లోనే చూపించాయి. అక్కడి స్టోర్ కీపర్ పెద్దాయన రోజూ పొద్దున్నే తెర ముందు నిలబడి, వరుస వారీగా ఆ శాతాలను రూళ్ళ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకునేవారు. "అన్నీ నిండుగా ఉన్నాయి సార్" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పేవారు.

సంక్రాంతి సెలవుల్లో ఒక వరుస మొత్తం మూగబోయింది. తెర మీద మాత్రం ఆఖరిసారి వచ్చిన అంకె అలాగే నిలిచి ఉంది: 87 శాతం. మూడు రోజుల ఉష్ణోగ్రత రికార్డు లేదని ఆ వరుసలోని సరుకును బయటికి పంపలేదు. నేను వెళ్ళి ఒక బీకన్‌ను చల్లగది బయటికి తెచ్చి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలయ్యేసరికి దాని చిన్న లైటు మినుకుమంది. నా ఫోన్‌లో మళ్ళీ అదే 87 వచ్చింది. మల్టీమీటరు పెడితే 2.87 వోల్టులు. అంటే నా లెక్కలో తప్పు లేదు. అందుకే అందరి ముందూ, సెల్స్ నాసిరకం వచ్చాయని చెప్పాను. చూసుకోలేదన్న నింద పెద్దాయన మీద పడి, ఆయన జీతం కోశారు. ఎర్ర సిరా పుస్తకం తెరిచి చూపించి, ఇందులో 87 అని ఉంది కదా అని ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను నోరు విప్పలేదు.

నెల తర్వాత అదే సెల్‌ను చల్లబరిచి వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టి చూసినప్పుడు గాని నాకు అర్థం కాలేదు. కొత్త కాయిన్ సెల్‌కు అంతర్నిరోధం, అంటే లోపల కరెంటుకు కలిగే అడ్డు, పది పదిహేను ఓములుంటుంది. వాడే కొద్దీ పెరుగుతుంది, చలిలో ఇంకా పెరుగుతుంది. ఆ సెల్‌కు యాభై దాటింది. ఆనాటి చిప్ రేడియో విప్పితే 18 మిల్లీ ఆంపియర్లు లాగేది. యాభై ఓముల మీద అది 0.9 వోల్టు. 2.87 లోంచి 0.9 తీసేస్తే 1.97. రెండు వోల్టులకు తగ్గితే ఆ చిప్ పని చేయదు. తెర మీద పచ్చగీత సరిగ్గా రేడియో పలికే క్షణంలో గోతిలోకి దిగి, చిప్ ఆగిపోగానే మళ్ళీ పైకి లేచి 2.87 దగ్గర ఏమీ ఎరగనట్టు నిలబడింది. విశ్రాంతిలో ఉన్న సెల్‌ను కొలిచి, పనిలో ఉన్న సెల్ సంగతి చెప్పాను. పెద్దాయనకు చెప్పుకుందామని గోదాముకు వెళ్ళాను. అప్పటికి ఆయన ఆ కొలువు మానేసి ఊరికి వెళ్ళిపోయారు.

అందుకని అమ్మలూ, రేడియో పలికిన మరుక్షణమే కొలువు. నువ్వు సెల్‌కు సమాంతరంగా, చార్జిని కాస్త దాచి ఇచ్చే వంద మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టావంటే, యాభై ఓముల సెల్ దాన్ని తిరిగి నింపడానికి అయిదు మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఆ లోపలే, మిల్లీసెకనులోపే కొలిస్తే గోతి అడుగు నీకు దొరుకుతుంది. నీ చిప్ 1.7 వోల్టుల దాకా బతుకుతుంది, కరెంటు కూడా బాగా తక్కువ లాగుతుంది. నా రోజులకంటే నీకు వెసులుబాటు ఎక్కువ. అయినా పని చేస్తూ ఉండగా 2.3 చూపిన సెల్‌ను మార్చెయ్యి. విశ్రాంతిలో ఒకసారి, పలికాక ఒకసారి కొలిచి, ఆ రెండింటి తేడాను కూడా గమనిస్తే సెల్ వయసు నీకు ముందే తెలిసిపోతుంది.

ఇక ప్రసారం. శాతం పంపుతానన్నావట. చూడడానికి బాగుంటుందని మాత్రం పంపకు తల్లీ, నేనూ అందుకే పంపాను. బ్లూటూత్ బ్యాటరీ సర్వీసు, 180ఎఫ్ సంఖ్య గలది, సున్నా నుంచి నూరు దాకా ఒక్క బైటులో అడుగుతుంది. కాయిన్ సెల్ మాత్రం జీవితంలో ఎక్కువ భాగం 2.9 దగ్గరే గడిపి, చివరలో ఒక్కసారిగా జారిపోతుంది. శాతంగా మార్చిన తర్వాత అసలు కొలత మళ్ళీ రాదు. మిల్లీవోల్టులు పంపు, శాతం లెక్క వినేవైపు కట్టుకో. అక్కడైతే తప్పు దిద్దుకోవచ్చు, గోదాములో అతికించిన రెండు వందల బీకన్లలో దిద్దలేవు. ఆపిల్ వారి ఐబీకన్ అనే ప్రసార రూపంలో బ్యాటరీకి చోటే లేదు. గూగుల్ 2015లో ఇచ్చిన మరో రూపం ఎడ్డీస్టోన్‌లో టీఎల్‌ఎం అనే ఫ్రేము (సందేశపు అమరిక) నీకు సరిపోతుంది: మిల్లీవోల్టులకు రెండు బైట్లు, ఉష్ణోగ్రతకు రెండు, పంపిన ప్రసారాల లెక్కకు నాలుగు, కరెంటు అందినప్పటి నుంచి గడిచిన కాలానికి నాలుగు. పెద్ద బైటు ముందు వెళ్ళాలి. 2870 అంటే పదహారు అంకెల లెక్కలో (హెక్స్‌లో) 0బీ, 36. తారుమారైతే వినేవాడికి పదమూడు వోల్టులు దాటి కనిపిస్తుంది.

ఆ గడిచిన కాలాన్ని అలంకారమనుకోకు. అది ఉన్నట్టుండి సున్నాకు వచ్చిందంటే బీకన్ చచ్చి బతికిందని అర్థం. నా 87 శాతం బీకన్లు ఆ ఒక్కటీ పంపి ఉంటే ఎవరో ఒకరు వారం ముందే గమనించేవారు. ఏ అంకె పక్కనైనా అది ఎప్పుడు వచ్చిందో సమయం చూపించు. పది నిమిషాలు మాట వినబడకపోతే పాత అంకెను తెర మీద నుంచి తీసెయ్యి.

ఇంకొకటి ఉంది, నాకు నిద్ర పట్టనివ్వనిది. బ్యాటరీ మార్చమని నీ తెర చెబుతుంది, ఎవరో మారుస్తారు. తీసిన సెల్ ఎక్కడ పడుతుంది? హమాలీల పిల్లలు ఆ ఆవరణలోనే ఆడుకుంటారు. మన బీకన్‌కు పనికిరాని సెల్‌లో కూడా మింగిన పసివాడి గొంతును రెండు గంటల్లో కాల్చేంత సత్తువ మిగిలే ఉంటుంది. బీకన్ మూతకు స్క్రూ పెట్టించు. తీసిన ప్రతి సెల్‌కూ వెంటనే రెండువైపులా టేపు అంటించి, తాళం వేసే డబ్బాలో వేయించి, ఎన్ని పెట్టామో అన్ని తిరిగి వచ్చాయా అని నువ్వే లెక్క చూడు. ఇది ఖర్చని ఎవరైనా అంటే నా పేరు చెప్పు, వాళ్ళతో నేను మాట్లాడతాను.

తయారీకి పంపేముందు ఒక బీకన్‌లో కొత్త సెల్‌కు వరుసగా 47 ఓముల రెసిస్టర్ కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చూడు. ముసలి సెల్ ఎలా ప్రవర్తిస్తుందో తెల్లారేసరికి నీకు తెలుస్తుంది. మొదటి పది అతికించే రోజు చెప్పు, నేను గుంటూరు వస్తాను. ఆసిలోస్కోప్ తెస్తాను, బరువైనా ఫరవాలేదు. మీ అమ్మకు చెప్పి నా స్వెట్టరు తీయించి ఉంచు. ఆ చల్లగదిలో నీ పక్కనే నిలబడి మొదటి అంకె చూడాలని ఉంది.

ఇట్లు,
నీ మామయ్య