పాఠకుల ప్రశ్నలు: పిల్లలను మంద కట్టే బోర్డర్ కోలీ

ప్రశ్న: మేము ఎడిన్‌బరాలో ఉంటున్నాము. మా ఇంట్లో రెండేళ్ల బోర్డర్ కోలీ జాతి కుక్క ఉంది. పిల్లలు పెరట్లో పరుగులు మొదలుపెడితే చాలు, చుట్టూ తిరుగుతూ అందరినీ ఒక మూలకు చేరుస్తుంది. గుంపులోంచి ఎవరైనా తప్పుకుంటే మడమను పంటితో నొక్కుతుంది. ఇంతవరకు రక్తం రాలేదు కానీ, ముందుముందు కరిచే కుక్క అవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి దానికి పిల్లల మీద కోపం ఉన్నట్టు కనిపించడం లేదు, దాని పూర్వీకులు గొర్రెలతో చేసిన పనినే అది మీ పెరట్లో చేస్తోంది. వేటాడే జంతువు ఎరపై చూపు నిలుపుతుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, చివరకు కరిచి చంపుతుంది. ఇంగ్లండు, స్కాట్లాండు సరిహద్దు కొండల్లోని కాపరులు ఈ వరుసలో మొదటి పనుల్లో ఆరితేరి చివరి పని దగ్గర ఆగిపోయే కుక్కలనే ఏరి, వాటి సంతతినే పెంచుతూ వచ్చారు. 1893లో నార్తంబర్లాండులో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర పుట్టిన ‘ఓల్డ్ హెంప్’ అనే కుక్క అరుపులూ ఆర్భాటమూ లేకుండా చూపుతోనే మందను కదిలించేదని పేరు. నేటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నీ దాని వంశంలోనివే. అయినా మొండికేసిన గొర్రెను ఒక్కసారి పంటితో నొక్కి వదిలే అలవాటు ఈ జాతిలో మిగిలే ఉంది. మీ పిల్లల మడమలపై పడుతున్నది అదే.

పనిలో ఉన్న కోలీని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అది మంద మీదికి నేరుగా పరుగెత్తదు. గొర్రెలు బెదరకుండా దూరంగా చుట్టు తిరిగి, కాపరికి సరిగ్గా ఎదురుగా, మందకు ఆవలి వైపున నిలిచి, అక్కడినుంచి మెల్లగా తోలుకొస్తుంది. ‘కమ్ బై’ అంటే సవ్యదిశలో, ‘అవే’ అంటే అపసవ్యదిశలో తిరుగుతుంది. మాట అందనంత దూరంలో ఈలే ఆజ్ఞ. కాపరి కంటికి ఆనని పల్లంలో ఏం చేయాలో అదే నిర్ణయించుకోవాలి. సొంతంగా ఆలోచించే ఈ గుణమే, పని లేని ఇంట్లో, మీరు అడగని పనులు చేయిస్తుంది.

కోపం లేదన్నాను గాని, పంటిగాటును ఉపేక్షించమని నా ఉద్దేశం కాదు. ‘లై డౌన్’ అనగానే పడుకోవడం పిల్లలు లేని ప్రశాంత సమయంలో నేర్పి, ఆ తరువాతే ఆటల మధ్య ప్రయత్నించండి. అంతవరకు పిల్లలు పరుగెత్తేటప్పుడు దాన్ని లోపలే ఉంచండి. తల దించి, ఒక ముందు కాలు గాలిలోనే ఆపి, ఎవరో ఒకరిపై చూపు నిలిపిన క్షణానికి ముందే పిలవాలి. ఆ తరువాత మీ పిలుపు దాని చెవికెక్కడం కష్టం. గట్టిగా అరవకండి, ఈ జాతి చాలా సున్నితమైనది, ఒక్క కసురుకు రోజంతా ముడుచుకుపోయేవి ఉన్నాయి. వస్తువుల పేర్లు నేర్పి వెతికించండి. అమెరికాలో జాన్ పిల్లీ అనే ఆచార్యుడు పెంచిన ‘చేజర్’ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు గుర్తుపట్టింది. మీది ఇరవై నేర్చుకున్నా దాని బుర్రకు కావలసినంత పని. పట్టు వదలకుండా కరిచినా, గుర్రుమన్నా మాత్రం వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించండి. నొప్పి కూడా కారణం కావచ్చు.

మరొక్క మాట. మీ ఊరి పక్కనున్న పెంట్లాండ్ కొండలకు తీసుకెళ్తే, గొర్రెలున్న చోట పట్టీ వదలకండి. శిక్షణ లేని కోలీ మందను తరిమినా నేరమే. 2021 నాటి స్కాట్లాండు చట్టం ప్రకారం 40,000 పౌండ్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు పడవచ్చు.

ప్రశ్న: హైదరాబాదులో ఫ్లాటులో ఈ జాతిని పెంచవచ్చా?
– మరొక పాఠకుడు

జవాబు: వద్దనే నా సలహా. రెండు పొరల బొచ్చుతో మన ఎండల్లో పరుగెత్తించడం ప్రమాదం, పరుగు మానిపిస్తే సోఫాలు మిగలవు. తెల్లవారుజామునా సాయంత్రం పొద్దుపోయాకా గంట చొప్పున వ్యాయామం, పగలు బుర్రకు పని ఇవ్వగలిగితేనే ఆలోచించండి.