మెట్రో తార్నాకలో ఆగితే దిగిపోవాలనిపిస్తది

ప్రశ్న: అక్కా, నేను ఉస్మానియాలో ఎంఏ చేశా, హాస్టల్లోనే ఉండేవాణ్ణి. ఇప్పుడు ఉప్పల్లో రూమ్, రాయదుర్గంలో జాబ్. రోజూ మెట్రో తార్నాకలో ఆగినప్పుడల్లా దిగిపోయి క్యాంపస్‌కి పోదామనిపిస్తది. జీతం బానే ఉంది, అయినా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటది. ఆదివారాలు పోతే ఫ్రెండ్స్ ఇంకా గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ నాన్ బోర్డర్లుగా, అంటే సీటు లేకున్నా హాస్టల్లోనే, ఉంటున్నరు, వాళ్లతో ఇదివరకటి లెక్క మాట్లాడలేకపోతున్నా. ఇది మామూలేనా?
– పేరు వద్దు, ఉప్పల్

జవాబు: మామూలే తమ్ముడూ. పెద్దయ్యాక పాత సంగతులు చెప్పమంటే మనుషులు ఎక్కువగా పదేళ్లకీ ముప్పైకీ మధ్య జరిగినవే చెప్తారని జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్లు ఎప్పుడో గమనించారు. ఇల్లొదిలి ఉండటం, సొంతంగా డబ్బులు లెక్క చూసుకోవడం, ఎవరినో ఇష్టపడటం, అన్నీ మొదటిసారి అప్పుడే కదా.

ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ 1939 నుంచి అక్కడే ఉంది, ఎప్పుడెళ్లినా కనిపిస్తుంది, మరి చూసొచ్చినా నీకు వెలితి తీరట్లేదంటే నీకు కావాల్సింది పిలవకుండానే మనుషులు దొరకడం అనిపిస్తోంది నాకు. మెస్‌కి వెళ్తే ఎవరో ఒకరు కూర్చునుంటారు, చాయ్‌కి పోదామా అంటే చెప్పులేసుకుని వచ్చేస్తారు, అందరికీ అవే పరీక్షలు, అందరి జేబులూ ఒకేలా ఖాళీ. జాబ్‌లో చేరాక ఎవరిని కలవాలన్నా ముందు ఫోన్ చేసి వీకెండ్ కుదురుతుందా అని అడగాలి, అక్కడే సగం ప్రాణం పోతుంది.

నీ ఫ్రెండ్స్ సంగతి ఇంకా కష్టం. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు పెట్టి రెండుసార్లూ రద్దు చేశారు, 2024లో కొత్త నోటిఫికేషన్‌తో కథ మళ్లీ మొదటికొచ్చింది. చదవక కాదు, వాళ్ల చేతిలో లేని పనికి ఏళ్లు పోయాయి. అలాంటివాళ్లని "ఇంకా ఎన్నాళ్లురా" అని మాత్రం అడక్కు, ఏదో ఒక ప్రైవేట్ జాబ్ చూసుకోమని కూడా చెప్పకు, ఆ మాట ఇంట్లో రోజూ వింటూనే ఉంటారు. నీ ఆఫీసు కబుర్లు కూడా వాళ్లు అడిగితేనే చెప్పు. మెయిన్స్‌కి రాసుకున్న ఎస్సేలు తీసుకుని చదివి, ఎక్కడ బాలేదో నిజాయితీగా చెప్పు, దానికి మనిషి దొరకడం చాలా కష్టం. ఆదివారం దాకా ఆగకుండా ప్రతి బుధవారం ఆఫీసు నుంచి వస్తూ తార్నాకలో దిగు, రోజు మార్చకు. కొన్ని వారాలకి నువ్వొస్తావని వాళ్లకే తెలిసిపోతుంది, ఫోన్ చేయక్కర్లేదు.

ప్రశ్న: మేడం, 1988లో ఆంధ్రా యూనివర్సిటీలో నా ఎమ్మెస్సీ అయింది. మా వారి బ్యాచ్ వాళ్లు ఏటా కలుస్తారు. నాకేమో హాస్టల్ రూమ్మేట్లు ఎక్కడున్నారో కూడా తెలీదు. ఫేస్‌బుక్‌లో ఎంత వెతికినా దొరకలేదు.
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: పెళ్లయ్యాక వాళ్ల ఇంటిపేరు మారిపోయి ఉంటుందండీ, మీకు తెలిసిన పేరుతో ఎలా దొరుకుతారు. మగవాళ్ల బ్యాచ్‌లు అంత తేలిగ్గా కలవడానికి సగం కారణం ఇదే, ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. వాళ్ల అన్నదమ్ముల్ని వెతకండి, వాళ్ల ఇంటిపేరు మారదు కదా. సెలవులకి ఏ ఊరు వెళ్లేవారో మీకు గుర్తుండే ఉంటుంది, ఆ ఊరూ ఆ ఇంటిపేరూ కలిపి వెతికితే ఎవరో ఒకరు తగులుతారు. మీ క్లాసులో అబ్బాయిల గ్రూప్ ఉంటే అందులో పాత గ్రూప్ ఫోటో పెట్టించండి. 1926లో మొదలైన యూనివర్సిటీకి 2026తో వందేళ్లు, పాత స్టూడెంట్స్ ఒకరినొకరు వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

ఇద్దరు దొరికినా చాలు, వైజాగ్‌లో కలవండి. భర్తలూ పిల్లలూ లేకుండా మీరు మీరే వెళ్లండి, లేదంటే ఆ రోజంతా వాళ్లకి టిఫిన్లు కనుక్కోవడంతోనే సరిపోతుంది. ఖర్చెంతవుతుందని ఇంట్లో అడిగితే, మీ వారికి ఏటా ఎంతవుతుందో అంతే అని చెప్పండి.