మాజీ సైనికులకు థెరపిస్ట్ కావాలంటే నెల కోర్సు చాలదు

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. బీఏ సైకాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్లుగా ఎవరితోనూ సరిగా మాట్లాడరు, రాత్రిళ్లు నిద్రపోరు. ఇలాంటివాళ్ల డిప్రెషన్‌కు చికిత్స చేసే థెరపిస్ట్ కావాలని ఉంది. నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. ఆ డబ్బు దాచుకోండి, పీజీ ఎంట్రన్స్ ఫీజులకు పనికొస్తుంది.

క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని రిజిస్ట్రేషన్ లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌నని బోర్డు పెట్టుకోకూడదు. అందుకని ముందు సైకాలజీలో పీజీ (విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది), తర్వాత కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు చేయాలి. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎం.ఫిల్. ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి కాబట్టి చేరేముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గుర్తింపు చూసుకోండి. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి, మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లోకి వెళ్లే దారి కూడా ఉంది.

డిగ్రీ సరే, థెరపీ చేయడం ఎలా వస్తుంది? అమెరికాలో మాజీ సైనికుల శాఖ డిప్రెషన్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరునూ, అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) నేర్పించేటప్పుడు, అప్పటికే ఉద్యోగం చేస్తున్న థెరపిస్టులకే మూడు రోజుల క్లాసు పెట్టింది. అసలు శిక్షణ ఆ తర్వాత మొదలైంది. ఆరు నెలలు వారం వారం ఫోన్లో గురువుతో కేసులు చర్చించాలి. పేషెంట్ ఒప్పుకున్న సెషన్లను రికార్డు చేసి పంపాలి. వాటిని విని మార్కులేస్తారు. ఆ మార్కుల పట్టికలో 11 అంశాలు, మొత్తం 66. సాధారణంగా 40 వస్తే చేయి తిరిగినట్టు లెక్క. గట్టు మీద నిలబడి చూస్తే నాట్లు వేయడం రాదు కదా, ఇదీ అంతే.

ఇక సైనికుల సంగతి. సిపాయిలు చాలామంది నలభై దాటకముందే ఇంటికొస్తారు. అప్పటిదాకా పీటీ, పరేడ్, రోల్‌కాల్ అంటూ గంటగంటకీ పని. ఇంటికొచ్చాక పొద్దున్న లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. 'పాజిటివ్‌గా ఆలోచించండి బాబాయ్' అనడం థెరపీ కాదు. పొద్దున చేలోకి వెళ్లి రావడం, సాయంత్రం పాత యూనిట్ స్నేహితుడికి ఫోన్ చేయడం లాంటి చిన్న పనులతో రోజు తిరిగి కట్టాలి. ఒక్కో పని తర్వాత మనసెలా ఉందో రాయించాలి. వాళ్లు డిప్రెషన్ అనే మాట వాడరు. 'తల దిమ్ముగా ఉంది, ఒంట్లో బాగోలేదు' అంటారు. రాత్రి పెగ్గు గురించీ, చావు ఆలోచనల గురించీ నేరుగా అడగడం నేర్చుకోవాలి. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపిన ఊళ్లో పుట్టారు. ఈ మాటల తీరు మీకు తెలుసు, అది మీ బలం.

అయితే నాన్నగారికి మాత్రం మీరు థెరపిస్ట్ కావద్దు. కూతురి ముందు ఆయన బయటపడరు, మీరూ తట్టుకోలేరు. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డుతో ఆ పథకం పాలీక్లినిక్‌కు తీసుకెళ్లి సైకియాట్రిస్ట్‌కు రిఫర్ చేయమని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ (14416)కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 'ఉండి ఏం లాభం' లాంటి మాట అంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫోన్ చేసి ఒక్కటి అడగండి: 'నేను చేసిన సెషన్లు ఎవరు వింటారు, వారానికి ఎన్ని గంటలు?' జవాబు నసిగితే ఇంకో కాలేజీ చూసుకోండి.