నెయిల్ ల్యాంపులో బల్బులు మార్చిన తర్వాత: మేనకోడలికి లేఖ

గుంటూరు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన సంగతి రాత్రి పడుకునేదాకా ఆలోచించాను. గోళ్లకు వేసే జెల్‌ను గట్టిపరిచే యూవీ (అతినీలలోహిత కిరణాల) ల్యాంపులో నాలుగు బల్బులూ కొత్తవి వేశావు, రెండు వెలుగుతున్నాయి, రెండు వెలగడం లేదు, వెలుగుతున్న వాటి కింద కూడా జెల్ సరిగా గట్టిపడటం లేదు, ల్యాంపు పాడైపోయిందేమో కొత్తది కొనేయనా అని అడిగావు. తొందరపడి కొనవద్దు. బల్బులు మార్చేదాకా పనిచేసిన ల్యాంపు, మార్చగానే మొరాయించిందంటే లోపం చాలావరకు బల్బు రకంలోనో, అది హోల్డరులో కూర్చున్న తీరులోనో ఉంటుంది. ఫోనులో చెబితే సగం మరచిపోతావని వివరంగా రాస్తున్నాను.

తీసేసిన పాత బల్బులను పారేయలేదు కదా? ఉంటే మొదటి పరీక్ష వాటితోనే చెయ్యి. గోడ స్విచ్ ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు పూర్తిగా తీసి, బల్బులు చల్లారాక, పాతవి నాలుగూ మళ్లీ వేసి చూడు. నాలుగూ వెలిగితే ల్యాంపులో చోక్, వైర్లు, టైమరు అన్నీ సక్రమంగా ఉన్నాయని అర్థం. ఇక మనం వెతకవలసింది కొత్త బల్బుల్లోనే. పాతవీ వెలగకపోతే కింది ట్రే పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడు, ఎందుకంటే ట్రే సరిగా కూర్చోకపోతే వెలగకుండా కొన్ని ల్యాంపుల్లో లోపల చిన్న స్విచ్ పెడతారు. వెనుక ఫ్యూజు ఉన్న ల్యాంపయితే దాన్ని కూడా చూడాలి.

బల్బు తీసేటప్పుడు గానీ పెట్టేటప్పుడు గానీ గాజును పట్టుకుని లాగవద్దు. తెల్లని ప్లాస్టిక్ మొదలును పట్టుకుని తిన్నగా లాగాలి, తిన్నగానే నొక్కాలి. రెండు పిన్నులూ లోపలికి వెళ్లి, చిన్నగా టక్కుమని వేలికి తెలిసేదాకా నొక్కితేనే అది కూర్చున్నట్టు. గాజు విరుగుతుందేమోనన్న భయంతో సగంలో ఆపేస్తాం. చూడటానికి అమరినట్టే ఉంటుంది గానీ పిన్ను హోల్డరులోని రేకును తాకదు. రెండో కొసను పట్టుకునే తీగ క్లిప్పులోకి గాజు చేరిందో లేదో కూడా వేలితో తడిమి చూసుకో.

రెండు మాత్రమే వెలగకపోవడానికి ఒక కారణం ఉంది. నేను నీకిచ్చిన ల్యాంపు బరువుగా ఉంటుంది, వెలిగించగానే సన్నగా జుమ్మంటుంది. అంటే అందులో ఉన్నది పాత ట్యూబ్‌లైట్లకు ఉండే ఇనుప చోక్. మన 230 వోల్టుల కరెంటు మీద నడిచే ఇలాంటి ల్యాంపుల్లో సాధారణంగా ఒక్కో చోక్‌కు రెండేసి 9 వాట్ల బల్బులను జంటగా, వినాయక చవితి పందిరికి కట్టే సీరియల్ లైట్ల పద్ధతిలో కలుపుతారు. జంటలో ఒకటి పనిచేయకపోతే రెండోది ఎంత మంచిదైనా వెలగదు. కాబట్టి నీ దగ్గర చెడ్డది ఒక్కటే అయి ఉండవచ్చు. వెలుగుతున్న జంటలోంచి ఒక బల్బు తీసి, వెలగని జంటలో మొదటిదాని స్థానంలో పెట్టు. జంట వెలిగితే నువ్వు తీసిన ఆ మొదటిదే చెడ్డది. వెలగకపోతే మొదటిదాన్ని దాని చోటులో పెట్టేసి, రెండోదాని స్థానంలో ఇలాగే చెయ్యి. మార్చిన ప్రతిసారీ ప్లగ్గు తీయడం మాత్రం మరవకు. తెలిసిన మంచి బల్బులు రెండూ పెట్టినా ఆ వైపు వెలగకపోతే అప్పుడు చోక్‌నో హోల్డరునో అనుమానించాలి.

రెండు బల్బులు ఒక దుకాణంలో, రెండు మరో దుకాణంలో కొన్నానని చెప్పావు. నా అనుమానమంతా అక్కడే ఉంది. ఈ 9 వాట్ల బల్బుల్లో రెండు రకాలున్నాయి, రెండూ ఒకే హోల్డరులో పడతాయి. ఇనుప చోక్ ల్యాంపులకు తయారయ్యే బల్బుకు స్టార్టరు దాని ప్లాస్టిక్ మొదలులోనే దాగి ఉంటుంది. తేలికపాటి ఎలక్ట్రానిక్ ల్యాంపులకు వచ్చే బల్బులో స్టార్టరు ఉండదు. స్టార్టరు లేని బల్బును నీ ల్యాంపులో పెడితే దాన్ని వెలిగించే దారే ఉండదు, దానితోపాటు దాని జంట కూడా చీకటిగానే ఉంటుంది. స్టార్టరు ఉన్నదాన్ని ఎలక్ట్రానిక్ ల్యాంపులో పెడితే మినుకుమినుకుమంటూ నిలకడ లేకుండా ఉండవచ్చు. అందుకే బల్బులు కొనడానికి వెళ్లేటప్పుడు పాత బల్బును చేతిలో పట్టుకుని వెళ్లి, ముద్రించిన అక్షరాలను పక్కపక్కన పెట్టి చూసుకుని, నాలుగూ ఒకేచోట తీసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. అదే హోల్డరులో పట్టే తెల్లని వెలుగు బల్బులూ ఉన్నాయి, క్రిములను చంపే బల్బులూ ఉన్నాయి. మన పనికి కావలసినది 365 నానోమీటర్ల బల్బు (ఆ అంకె బల్బునుంచి వచ్చే కిరణాల రకాన్ని తెలిపే కొలత). దాని గాజుకు లోపల పాలలాంటి తెల్లని పూత ఉంటుంది, వెలుగు నీలి ఊదారంగులో వస్తుంది. గాజు నీళ్లలా తేటగా, లోపలి తీగ కనిపించేలా ఉంటే అది చేపల తొట్టి నీటిని శుభ్రం చేయడానికి వాడే 254 నానోమీటర్ల బల్బు కావచ్చు, దాన్ని వెలిగించనే కూడదు. నేను పార్లరు పెట్టిన కొత్తలో ఒక దుకాణంలో అలాంటిదే ఇచ్చారు. హోల్డరులో చక్కగా పట్టింది, వెలిగింది, జెల్ ఎందుకు ఆరడం లేదో అని నేను దగ్గరగా వంగి చాలాసేపు చూశాను. సాయంత్రానికి రెండు కళ్లలోనూ ఇసుక పోసినట్టు మంట మొదలై, నీళ్లు కారి, ఆ రాత్రి రెప్ప మూయలేకపోయాను. ఇది కంటిపొరకు తగిలిన కాలినగాయమని డాక్టరు గారు చెప్పారు. రెండు రోజుల్లో తగ్గింది గానీ, ఆ బల్బు కింద ఎవరి చేయీ పెట్టనందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. నువ్వు తెచ్చిన నాలుగింటినీ ఇప్పుడే పగటి వెలుతురులో పెట్టి చూడు.

ఇక జెల్ గట్టిపడకపోవడం గురించి. నాలుగుకు రెండే వెలుగుతున్నప్పుడు జెల్‌కు అందవలసిన దానిలో సగమే అందుతుంది, కాబట్టి మొదట బల్బుల సంగతి తేల్చుకో. ఆ తర్వాత జెల్ సీసా మీద యూవీ అని ఉందో, ఎల్ఈడీ అని మాత్రమే ఉందో చదువు. ఎల్ఈడీ ల్యాంపులు ఎక్కువగా 395 నుంచి 405 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి. వాటి కోసమే చేసిన జెల్ మన బల్బు కింద ఎంతసేపు పెట్టినా మెత్తగా ఉండిపోవచ్చు. పైన జిగటగా ఉందని మాత్రం కంగారుపడకు. గాలి తగిలే పైపొర గట్టిపడక జిగురుగా మిగలడం చాలా జెల్‌లకు సహజమే, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే పోతుంది. అడుగున మెత్తగా ఉంటేనే తప్పు.

అది తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష చెబుతాను. ఐదు ప్లాస్టిక్ నెయిల్ టిప్పుల (అతికించే గోళ్ల) మీద పలచగా ఒక పూత వేసి, ఐదు వేళ్లు ఎక్కడ ఉంటాయో సరిగ్గా అక్కడ అమర్చి, రెండు నిమిషాలు పెట్టు. తీసి, జిగురు తుడిచి, టూత్‌పిక్ మొనతో అంచు దగ్గర గీరు. సరిగా ఆరినది గీత పడకుండా జారుతుంది. ఆరనిది మొన కింద మీగడలా ముడత పడి, అడుగున తడి రంగు కనిపిస్తుంది. బొటనవేలి చోట ఉన్న టిప్పు ఒక్కటే ముడత పడితే బల్బు తప్పు కాదు, వేలు పక్కకు వాలడం వల్ల వెలుగు సరిగా పడటం లేదు. బొటనవేళ్లను విడిగా పెట్టించాలి. ఒక వైపు టిప్పులన్నీ ముడత పడితే ఆ వైపు బల్బునూ, దాని వెనుక రేకు మీద పేరుకున్న ధూళినీ చూడు.

వెలుగు కనిపిస్తోంది కదా అని ఈ పరీక్ష మానవద్దు. మన కంటికి కనిపించే నీలిరంగుకూ, జెల్‌ను గట్టిపరిచే కిరణాల బలానికీ పొంతన ఉండదు. పాత బల్బు చూడటానికి బాగా వెలుగుతూనే బలం కోల్పోతుంది. సగం ఆరిన జెల్ ఊడిపోవడంతో ఆగదు, అందులోని పదార్థాలు చర్మానికి తగులుతూ ఉంటే దురద, బొబ్బలు వచ్చి, ఆ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. వాటిలో ‘హెమా’ అనేదాన్ని గోళ్ల పని నేర్చినవారే వాడాలని ఐరోపా సమాఖ్య 2020లో నిబంధన తెచ్చింది. మన పార్లరుకు వచ్చినవాళ్లు మనల్ని నమ్మి చేయి ఇస్తారమ్మా.

నాలుగూ సరిగా వెలిగాక మొదటి వారం మరో జాగ్రత్త తీసుకో. కొత్త బల్బుల బలానికి జెల్ వేగంగా గట్టిపడుతూ వేడెక్కుతుంది. గోరుకు మందం, పొడవు ఇచ్చే బిల్డర్ జెల్ మందంగా వేస్తే గోరు చుర్రుమంటుంది. పూతలు పలచగా వెయ్యి, మంట అనగానే చేయి బయటికి తీయమని ముందే చెప్పు.

చోక్ మీదే అనుమానం నిలిస్తే ల్యాంపును నువ్వు విప్పవద్దు, ఎలక్ట్రీషియనుకు చూపించు. పాత బల్బుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది కనుక చెత్తబుట్టలో వేయకుండా అట్టపెట్టెలో దాచు. ఒకవేళ పగిలితే కిటికీలు తెరిచి, కాసేపు అందరూ బయటికి వెళ్లి, ఆ తర్వాత చీపురు వాడకుండా గట్టి అట్టతో ఎత్తు. కొత్త బల్బుల మొదళ్ల మీద ఈ రోజు తేదీ మార్కరుతో రాసి పెట్టు; నీకున్న గిరాకీకి ఐదారు నెలలకొకసారి నాలుగూ కలిపి మార్చాలి.

పరీక్ష చేసిన టిప్పులు ఐదింటినీ ఏ వేలిదో రాసి విడివిడిగా ఉంచు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను, పూత లేని తేటగాజు బల్బు ఏదైనా కనిపిస్తే వెలిగించకుండా అది కూడా పక్కన పెట్టు, చూస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య