షోర్వా విడిగా కట్టించుకో

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు ఆకలి వేయలేదు. ఎందుకు వేయలేదో తెలుసుకోవడానికి రెండోసారి చదివాను. మెల్‌బోర్న్ పడమటి శివారులో మీ వీధి చివర ఉన్న వియత్నాం హోటల్ గురించి రాస్తానని మొదలుపెట్టి, మొదటి పేజీ యుద్ధానికీ, రెండో పేజీ చంపా రాజ్యానికీ ఇచ్చి, మూడో పేజీ సగం దాటాక గాని నువ్వు ఫా అనే నూడుల్స్ గిన్నె ముందు కూర్చోలేదు. కూర్చున్నాకనైనా కుదురుగా తిన్నావా అంటే, రుచి అద్భుతంగా ఉందనీ, మన చారు గుర్తుకు వచ్చిందనీ రెండు ముక్కలు చెప్పి లేచిపోయావు. విస్తరి ముందు కూర్చుని పురాణం మొదలుపెట్టిన అతిథిని చూస్తూ గరిటె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలిలా ఉంది నీ పాఠకుడి పరిస్థితి. నీ వాక్యం బాగుంటుంది కనుకనే ఇంత నిష్ఠూరంగా రాస్తున్నాను.

ముందుగా చంపాను తీసివేయి. ఆ రాజ్యంలో అమరావతి అనే ప్రాంతం ఉండేదనీ, అది నేటి మధ్య వియత్నాంలోని క్వాంగ్ నామ్ ప్రాంతం వైపు ఉండేదనీ నువ్వు రాసింది నిజమే. కాని కృష్ణ ఒడ్డున ఉన్న పేరు అక్కడా వినబడినంత మాత్రాన, మధ్యాహ్నం పన్నెండున్నరకు నీ బల్ల తుడిచి మెనూ అందించిన ఆవిడ నీకు చుట్టం అయిపోదు. చంపా చామ్ ప్రజల రాజ్యం. దాని రాజధాని విజయను 1471లో పట్టుకున్నది వియత్నాం రాజు సేనలే. ఆవిడతో బంధుత్వం కలుపుకోవాలన్న ఉత్సాహంలో నువ్వు ఆవిడను ఓడిపోయిన వారి పక్షాన నిలబెట్టావు. ఆవిడ పూర్వులు గెలిచిన వైపు వారై ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది.

చరిత్ర వద్దని నేను అనడం లేదు. బల్ల మీదికి వచ్చిన చరిత్ర చాలు. నీ గిన్నెతో పాటు ఒక పళ్లెంలో పెసర మొలకలు, ఆకులు, నిమ్మ చెక్క, మిరపకాయ ముక్కలు వచ్చాయని ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయావు. ఆ పళ్లెం అక్కడికి ఎందుకు వచ్చిందని అడిగి ఉంటే నీకు మొదటి పేజీ అవసరమే ఉండేది కాదు. ఈ వంటకం పుట్టింది ఉత్తర వియత్నాంలో, నామ్ దిన్, హానోయ్ ప్రాంతాల్లో, ఫ్రెంచివారి పాలన కింద, ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో. హానోయ్ పద్ధతిలో గిన్నె మీద ఉల్లికాడలు తప్ప పెద్దగా ఆకు కనబడదు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి లక్షల మంది దక్షిణానికి తరలిపోతే, వారి వెంట ఈ గిన్నె కూడా వెళ్లి దక్షిణాది రాజధాని సైగాన్‌లో స్థిరపడింది. అక్కడి వేడి నేలలో విరివిగా పండే ఆకులు, మొలకలు, తియ్యటి హోయ్‌సిన్ సాసు దానికి తోడయ్యాయి. 1975లో ఉత్తరాది సేనల చేతిలో సైగాన్ పడిపోయిన తరువాత ఆస్ట్రేలియాకు వచ్చి చేరిన వారిలో ఎక్కువ మంది దక్షిణాది వారు కనుక నీ బల్ల మీద ఆ పళ్లెం ఉంది. నిమ్మ చెక్క పిండుతూ ఈ సంగతిని నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు, గిన్నె చల్లారిపోదు.

ఇంకొకటి. ఆ కుటుంబం ‘ప్రాణాలు అరచేత పట్టుకుని పడవలో వచ్చింది’ అని రాశావు. ఆవిడను అడిగావా? అడగలేదని నీ ఉత్తరంలోనే ఒప్పుకున్నావు. 1976 ఏప్రిల్‌లో అయిదుగురు మనుషులతో మొదటి పడవ డార్విన్ రేవుకు చేరిన మాట వాస్తవమే, కాని ఆ తరువాతి అయిదేళ్లలో పడవల మీద నేరుగా వచ్చినవారు రెండు వేల పైచిలుకు మాత్రమే. అంతకు ఎన్నో రెట్ల మంది మలేసియా వంటి దేశాల శరణార్థి శిబిరాల్లో నెలలూ ఏళ్లూ గడిపి విమానాల్లో దిగారు. మెల్‌బోర్న్‌కు వచ్చిన చాలామందిని మొదట మారిబిర్నాంగ్‌లోని మిడ్‌వే హాస్టల్‌లోనో, స్ప్రింగ్‌వేల్‌లోని ఎంటర్‌ప్రైజ్ హాస్టల్‌లోనో ఉంచారు. అక్కడి నుంచి బయటపడినవారు ఆ చుట్టుపక్కలే ఇళ్లు వెతుక్కున్నారు. ఫుట్‌స్క్రే, స్ప్రింగ్‌వేల్ వీధులకు ఈ వాసన పట్టింది అందువల్లనే. అడగకుండా ఎవరినీ పడవ ఎక్కించకు.

ఇక మాటల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ సేపు కూర్చుంటాను, ఎందుకంటే నీ వ్యాసం కుంటుపడింది ఇక్కడే.

వంటకం పేరును ‘ఫో’ అని రాశావు. తెలుగువాడు ఆ అక్షరాన్ని ఎవరిని తరిమివేయడానికి వాడతాడో నీకు తెలియనిది కాదు. వాళ్లు పలికేది ‘ఫా’కు దగ్గరగా ఉంటుంది, చివర ప్రశ్న అడిగినట్లు స్వరం పైకి లేస్తుంది. ఆ స్వరాన్ని మన లిపి పట్టుకోలేదు. పట్టుకోలేనందుకు క్షమాపణ కూడా చెప్పనక్కర లేదు. ఒక రూపం నిర్ణయించుకుని చివరిదాకా అదే రాయి. ఆ గిన్నెలోని ద్రవాన్ని చారు అన్నావు. చారు అనగానే తెలుగు నోటికి చింతపండు పులుపు తగులుతుంది, ఇందులో చింతపండు లేదు. ఎముకలను గంటల తరబడి సన్నని సెగ మీద మరిగించి, పైకి తేలిన మురికిని ఓపికగా తీసివేసి, నిప్పు మీద నల్లగా కాల్చిన అల్లమూ ఉల్లిపాయా వేసి, అనాసపువ్వు, దాల్చిన చెక్క, లవంగాలు మూటకట్టి దించిన పదార్థానికి మన భాషలో మాట లేదా? ఉంది. తెల్లవారుజామున పాయా తినే హైదరాబాదు వీధుల్లో దానిని షోర్వా అంటారు. నీది గుంటూరు జిల్లా కావడం వల్ల నీకు తట్టలేదు, అంతే. మన భాష నీ జిల్లా కంటే పెద్దదని గుర్తుంచుకుంటే ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకోవలసిన అవసరం సగం తగ్గుతుంది.

ఆకును తులసి అన్నావు. తులసి ఆకులు తుంచి మాంసపు షోర్వాలో వేసుకున్నానని రాస్తే నీ పాఠకురాలు అక్కడే ఆగిపోతుంది, ఆ తరువాత నువ్వు ఏం చెప్పినా వినదు. అది కోటలో పెట్టి పూజించే తులసి కాదు. మనం ఎండాకాలం నీళ్లలో నానబెట్టుకు తాగే సబ్జా గింజలు ఏ జాతి మొక్కకు కాస్తాయో, ఆ జాతికి చెందినది. ‘సబ్జా ఆకు’ అని రాయి. ఘాటుగా, కొంచెం సోంపు వాసనతో ఉంటుందని కూడా చేర్చు.

పోలికలు దండిగా వాడావు. బియ్యప్పిండి కాగితంలో రొయ్యలూ ఆకులూ చుట్టిన గోయ్ కువన్ నీకు పూతరేకులా కనబడింది. రెండింటికీ పలుచదనం తప్ప ఏ పొత్తూ లేదు. ఒకటి పెదవి తగలగానే పొడి అవుతుంది, రెండోది పంటికి సాగుతుంది. అట్లాంటి పోలిక చూసినంతలో మెరుస్తుంది, తిన్నాక అబద్ధమవుతుంది. అసలు పోలిక నీ ఎదుట బల్ల మీదే ఉంటే దాన్ని వదిలేశావు. మీ అన్నయ్య తెప్పించుకున్నాడని రాశావే, కమ్ తమ్, అంటే ఏమిటి? నూకల అన్నం. మెకాంగ్ నది లంకల్లో మంచి బియ్యం అమ్ముకుని మిగిలిన నూకలు వండుకు తిన్న రైతుల కూడు అది; తరువాత సైగాన్ వీధుల్లో కాల్చిన పంది మాంసం, గుడ్డు, ఊరగాయ ముక్కలు తోడై హోటలు వంటకమైంది. మన ఇళ్లల్లో నూకలు జావకూ కోళ్లకూ పోయేవి. నూకల అన్నం తిన్నామని చెప్పుకోవడానికి మా తరం వారు నేటికీ సంకోచిస్తారు. అదే నూకలకు డాలర్లు లెక్కపెట్టి ఇచ్చి తింటున్న తెలుగు కుర్రవాడిని ఎదురుగా పెట్టుకుని నువ్వు పూతరేకుల దాకా వెళ్లావు!

నువ్వు గొడ్డుమాంసం తినవు. ఆ మాట వ్యాసంలో ఎక్కడా రాయలేదు. ఫా అసలు రూపం గొడ్డుమాంసపు షోర్వాదే. నువ్వు తిన్నది ‘ఫా గా’, అంటే కోడిమాంసం వేసినది. కొన్ని హోటళ్లలో దానికి కోడి ఎముకల షోర్వా విడిగా కాస్తారు, కొన్నిచోట్ల ఒకే గుండిగలోంచి రెండింటికీ పోస్తారు. అడిగావా, అడగడానికి మొహమాటపడ్డావా, అడిగి విన్న జవాబుకు ఏం చేశావు అన్నది నీ వ్యాసంలో అన్నింటికంటే నిజమైన ఘట్టం కాగలదు. దానిని దాచి విశాలహృదయంతో అన్నీ ఆస్వాదించినట్లు రాస్తే నీ పాఠకులకు వాసన తెలిసిపోతుంది. వాళ్లూ అదే బల్ల దగ్గర అదే మొహమాటంతో కూర్చున్నవారే. మీ అమ్మగారు శాకాహారి కదా, ఆవిడ కోసం ఒక మాట నేర్చుకో. మెనూలో ‘చాయ్’ అని వినిపించే మాట కనబడితే అది తేనీరు కాదు, శాకాహారం. అమావాస్యకూ పౌర్ణమికీ, అంటే వారి చాంద్రమాన నెలలో ఒకటో తేదీనా పదిహేనో తేదీనా, మాంసం మానే బౌద్ధులు వారిలో చాలామంది ఉన్నారు. మెనూలోకి ఆ మాట వచ్చింది ఆ ఆచారం నుంచి. ఆ మాట లేకుండా ఉత్త ‘కూరగాయలు’ అని అడిగితే మాత్రం పైన నూక్ మామ్, అంటే చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం, పడే ప్రమాదం ఉంది.

హోటలావిడ మాటలను నువ్వు తప్పుల తెలుగులో రాశావు. ఆవిడ నీతో మాట్లాడింది ఇంగ్లీషు, నీ ఇంగ్లీషుకూ ఆవిడ ఇంగ్లీషుకూ చెరొక యాస ఉంది. నీ మాటలను చక్కటి తెలుగులో పెట్టుకుని ఆవిడవి వంకర తెలుగులో పెట్టడం న్యాయం కాదు. ఆవిడ భాషలో ‘నేను’, ‘నువ్వు’ అనడానికి వరసలు వాడతారు: కొంచెం పెద్ద ఆడమనిషి ‘చి’, అంటే అక్క; తండ్రి వయసు మగమనిషి ‘చూ’, అంటే బాబాయి; చిన్నవాళ్లు ‘ఎమ్’. వరస తెలియనిదే వాక్యం మొదలుపెట్టలేని మనుషులను తెలుగులోకి తేవడం మనకు ఎంత తేలిక! ఆవిడ లోపలికి కేకవేసి పిలిచిన కుర్రాడు ఆవిడకు ఏమవుతాడో తెలుసుకుని రాయి. నేనూ ఈ విషయంలో పెద్దమనిషిని కాను. ఇరవై ఏళ్ల కిందట ఒక పత్రికకు ఇటువంటి హోటలు గురించే రాస్తూ, నూడుల్స్ కనబడినందుకు మొదటి వాక్యంలోనే దానిని ‘చైనా హోటల్’ అన్నాను. అచ్చయింది. ఇప్పటికీ ఆ సంచికను మా ఇంట్లో పై అరలోనే ఉంచుతాను.

ఇక పార్సిల్. నీ వ్యాసంలో ‘ఇంటికి కూడా కట్టించుకున్నాము’ అని మూడు మాటలున్నాయి. ఆ మూడు మాటలకు ఒక పేజీ ఇవ్వాలి. మీ ఇరుగుపొరుగు వాళ్లలో కూర్చుని తినేవాళ్ల కంటే కట్టించుకుపోయేవాళ్లే ఎక్కువని నువ్వే ఉత్తరంలో రాశావు కదా. కౌంటర్ పక్కన నిలబడి చూడు. షోర్వా ఒక గుండ్రటి డబ్బాలో, నూడుల్స్ మరొక డబ్బాలో, వాటి మీద కాగితమంత పలుచగా తరిగిన పచ్చి మాంసం. మొలకలూ ఆకులూ ఒక సంచిలో ముడివేసి, సాసులు బొటనవేలంత మూతడబ్బాల్లో. కూర్చుని తినేవాడి గిన్నెలో మాంసం బల్ల మీదికి వచ్చేలోపే మరిగే షోర్వాకు ఉడుకుతుంది. ఇంటికి తీసుకుపోయేవాడు ఆ షోర్వాను మళ్లీ పొంగు వచ్చేదాకా కాచి పోసుకోవాలి, లేకపోతే మాంసం పచ్చిగానే ఉండిపోతుంది. ఒకసారి నేను, ఇన్ని డబ్బాలు ఎవరు మోస్తారులే అని, అన్నీ ఒకే దాంట్లో పోసి ఇమ్మన్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను రెండుసార్లు అడిగింది; నేను రెండుసార్లూ తల ఊపాను. టార్నీట్‌లో మా అమ్మాయి ఇంటికి చేరేసరికి నూడుల్స్ షోర్వానంతా తాగేసి ఉబ్బి ముద్దయిపోయాయి. మా మనవరాలు మూత తీసి చూసి, “తాతా, ఇది ఉప్మానా?” అని అడిగింది. ఇడ్లీ పార్సిల్ కట్టేటప్పుడు సాంబారును కవరులో పోసి దారం చుట్టే మన హోటలు కుర్రాడిని జీవితమంతా చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. గోయ్ కువన్ అయితే ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాటికి అట్టలా బిగుసుకుపోతుంది. బాన్ మీ రొట్టెను కాగితంలో చుట్టి ఉంచినంత సేపు కరకరలాడుతుంది, ప్లాస్టిక్ సంచిలో మూసి పెడితే దాని ఆవిరికి అదే మెత్తబడిపోతుంది. నువ్వు ఆ రాత్రి ఇంట్లో ఎలా కలుపుకు తిన్నావు, ఏది ముందు వేడి చేశావు, మీ అమ్మగారు ఏ డబ్బా వాసన చూసి పక్కకు జరిగారు, ఇవి రాయి.

నేను జనవరి నెలాఖరుకు అక్కడికి వస్తున్నాను. వారి కొత్త సంవత్సరం, తెత్ పండుగ, ఒక్కొక్క ఏడాది జనవరి చివర, ఒక్కొక్క ఏడాది ఫిబ్రవరిలో వస్తుంది; ఆ రోజుల్లో హోటలు మూసి ఉంటుందేమో కనుక్కుని నాకు రాయి. ఆలోగా మరొకసారి వెళ్లి, ఈసారి నోటుపుస్తకం ఇంట్లో వదిలి, గల్లాకు దగ్గరగా ఉన్న బల్ల దగ్గర కూర్చో. గుమ్మానికి ఎదురుగా, నేల మీద, ఎర్ర రంగు వేసిన చిన్న మందిరం ఉంటుంది. అందులో ఇద్దరు దేవుళ్లుంటారు, ఒకాయన ధనానికి, బొజ్జతో నవ్వుతూ కూర్చున్న రెండో ఆయన నేలకు. మన కిరాణా కొట్టులో గల్లా పైన లక్ష్మీదేవి పటానికి అగరొత్తి వెలిగించినట్లే అక్కడా వెలిగిస్తారు, పళ్లు పెడతారు, కొందరు పొద్దున్నే ఒక గ్లాసు కాఫీ కూడా పెడతారు. నీ వ్యాసంలో ఆ మందిరం లేదు. ఉంటే ఆ గ్లాసులోకి చూసి, డబ్బాలో వచ్చే తియ్యటి చిక్కటి పాలు కలిపిన కాఫీయో, ఉత్త డికాషనో నాకు రాయి.

ఇట్లు,
నీ మాస్టారు