ఇంటర్నెట్ ఫోన్ లైన్ల పని నేర్చుకుంటే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక, నెల్లూరులో ఆస్పత్రులకు, షోరూములకు ఇంటర్నెట్ ఫోన్ లైన్లు పెట్టేవాళ్ల దగ్గర హెల్పర్‌గా చేరాడు. కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్ పనిలోనే స్థిరపడతానంటున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: డబ్బు ఇప్పుడే కట్టకండి. అబ్బాయిని మాత్రం ఆ పని మాన్పించకండి.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే 'అపాయింట్‌మెంట్ కోసం ఒకటి నొక్కండి' అని వినిపిస్తుంది కదా. అక్కడి నుంచి కాల్‌ను ఖాళీగా ఉన్న కౌంటర్‌కి పంపడం, ఎవరూ ఎత్తకపోతే రాసిపెట్టడం అంతా ఒక కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ పనే. వీటిలో బాగా వాడుకలో ఉన్నది ఆస్టరిస్క్. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టాడు. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) కాబట్టి పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అందులో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), ఆస్టరిస్క్ ఎక్కించి, 101, 102 అని రెండు ఎక్స్‌టెన్షన్లు, అంటే లోపలి ఫోన్ నంబర్లు, పెట్టమనండి. మీ రెండు సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ కాల్స్ చేసే లిన్‌ఫోన్ యాప్ వేసుకుని ఆ నంబర్లు పెట్టుకుంటే వైఫై మీదే ఒకరికొకరు మాట్లాడుకోవచ్చు. ఆస్టరిస్క్‌ను బ్రౌజర్‌లో క్లిక్కులతోనే సెట్ చేసుకునే ఫ్రీపీబీఎక్స్ కూడా ఉంది కానీ, దాని జోలికి తర్వాత వెళ్లొచ్చు. ముందు కాన్ఫిగరేషన్ ఫైళ్లు (ఏ కాల్ ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగులు) సొంతంగా రాస్తేనే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది.

ఈ పనిలో జీతం వచ్చేది సాఫ్ట్‌వేర్ ఎక్కించినందుకు కాదు, చెడిపోతే బాగుచేసినందుకు. ఒక ఉదాహరణ చెబుతాను. బెల్ మోగుతుంది, ఫోన్ ఎత్తుతారు, ఒకవైపు మాటలే వినిపిస్తాయి. చాలాసార్లు కారణం రౌటర్. ఆఫీసు లోపల మాత్రమే చెల్లే 192.168తో మొదలయ్యే అడ్రస్‌ను సర్వర్ (ఆస్టరిస్క్ నడిచే కంప్యూటర్) అవతలివాళ్లకు ఇచ్చేస్తుంది. వాళ్ల గొంతు ఆ అడ్రస్‌కి బయల్దేరి ఎక్కడికీ చేరదు. సర్వర్‌కి బయటి అడ్రస్ చెప్పాలి, మాటలు వచ్చే పోర్టులు, అంటే నంబర్లున్న ద్వారాలు (ఆస్టరిస్క్‌లో మామూలుగా 10000 నుంచి 20000) రౌటర్‌లో తెరవాలి, ఎస్ఐపీ ఏఎల్‌జీ (కాల్ సమాచారాన్ని మధ్యలో మార్చే రౌటర్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపి చూడాలి. గొంతు తెగితెగి వస్తుంటే నెట్ స్పీడ్ పెంచమంటారు అందరూ. నిజానికి జీ.711 (గొంతును డిజిటల్‌గా మార్చే పద్ధతి) వాడితే ఒక కాల్‌కి ఒక్కోవైపు దాదాపు 87 కేబీపీఎస్ చాలు. ప్యాకెట్లు (గొంతును ముక్కలుగా మోసుకెళ్లే డేటా) ఆలస్యమవుతున్నాయా, దారిలో పోతున్నాయా అన్నది చూడాలి. అది నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. ఇవన్నీ నెట్‌వర్కింగ్ తెలిస్తేనే అర్థమవుతాయి. అందుకే మీరు డబ్బు పెట్టదలిస్తే సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) స్థాయి నెట్‌వర్కింగ్ మీద పెట్టండి.

సెక్యూరిటీ కూడా పట్టుబట్టి నేర్చుకోవాలి. పాస్‌వర్డ్ 1234 అని వదిలేసిన ఎక్స్‌టెన్షన్‌లోకి దొంగలు దూరి రాత్రికి రాత్రి విదేశాలకు కాల్స్ చేస్తారు. బిల్లు పడేది ఆస్పత్రి యజమాని మీద.

నెల్లూరు, ఒంగోలులో ఈ అవకాశాలు తక్కువే. ఇక్కడ చేయి తిరిగాక చెన్నై, హైదరాబాద్, బెంగళూరు చూసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ జాగ్రత్తగా ఉండండి. 'విదేశీ కాల్స్‌ను మామూలు సిమ్‌ల మీదికి మళ్లించే పెట్టె మీ ఇంట్లో పెట్టుకోండి, నెలకింత ఇస్తాం' అని ఈ పని తెలిసిన కుర్రాళ్ల దగ్గరికే వస్తారు. అది అక్రమ ఎక్స్ఛేంజ్, పోలీసు కేసవుతుంది. అలాంటి మాట ఎవరన్నా అంటే వెంటనే మీకు చెప్పమని అబ్బాయితో ఇవాళే మాట్లాడండి.